పేరు చెప్పని సహోదరి

"పాలడబ్బా ఎక్కడుందో మీరు చెబుతారా వదినగారూ, నన్నే వెతుక్కోమంటారా?"

దయామణి సోఫాలోంచి లేవకుండానే అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని సంజీవరావుకు అనిపించింది. అరిచే మనిషికైతే ఏదో ఒక సమాధానం చెప్పొచ్చు.

"డబ్బాపాలు అలవాటు చెయ్యలేదండీ," వంటింట్లోంచి తెరేసమ్మ అంది. "తల్లిపాలే తాగుతోంది."

"సరే అయితే. దార్లో మందులషాపులో తీసుకుంటాం."

అంటే నిర్ణయమైపోయిందన్నమాట. పాప ఇవాళ ఉయ్యూరు వెళుతుంది. తల్లి వెళ్ళదు.

మధ్యగది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అపూర్వ గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన ఉయ్యాలలో పసిది నిద్రపోతోంది. మూడో నెల. పురిటికని పుట్టింటికి వచ్చిన పిల్లను అయిదో నెలలో బిడ్డతో కలిపి తీసుకెళ్ళాలని మొదట అనుకున్నారు. మొన్న పొద్దుటిదాకా అందరూ ఆ మాట మీదే ఉన్నారు.

మొన్న పొద్దున సంజీవరావు ఫోన్లో నోరు విప్పాడు.

ఎదురు కుర్చీలో వియ్యంకుడు ఏసుపాదం కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. పైన మీగడ కట్టింది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఉయ్యూరులో సంఘపెద్ద. ఆయనకు తగువులు చేతకావు. ఎక్కడ మాటామాటా పెరిగినా "ప్రార్థన చేసుకుందాం" అంటాడు. ఇవాళ ఆ మాట కూడా రావడం లేదు.

"కొన్నాళ్ళే బావగారూ," అన్నాడు చివరికి. "అమ్మాయి కాస్త కుదుటపడేదాకా."

"ఇప్పుడు కుదుటపడాల్సినంత ఏమైంది బావగారూ?"

"ఏమైందో మమ్మల్ని అడుగుతారేంటన్నయ్యగారూ?" దయామణి చేతిసంచీలోంచి ఫోను తీసింది. "మీ నోటితోనే చెప్పారుగా."

"వద్దమ్మా," అన్నాడు సంజీవరావు.

ఆమె నొక్కింది.

"దయచేసి వినండి," అంది ఫోను.

ఆ గొంతు ఒకప్పుడు బెజవాడ స్టేషనులో వినిపించేది. ప్లాట్‌ఫారం మీద మూటల మీద కునికే వాళ్ళు కూడా అది వింటే తలెత్తేవారు. ఏ బండి ఎటు వస్తుందో, ఎంత ఆలస్యమో చెప్పేది. చింతిస్తున్నాము అని సంజీవరావు అంటే నిజంగానే చింతిస్తున్నట్టు ఉండేదని తోటి ఉద్యోగులు అనేవారు. తర్వాత రికార్డు చేసిన గొంతులు వచ్చాయి. అతన్ని ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చోబెట్టారు. గాజుకు ఉన్న కంతలోంచి ఒక్కొక్కరికే చెప్పుకుంటూ మిగతా సర్వీసు గడిచిపోయింది.

రిటైరయ్యాక ఆ గొంతుకు మళ్ళీ పని దొరికింది. రోజూ పేపరు చదివి ఒక వార్త ఎంచుకునేవాడు. పొద్దున ఫ్యాను ఆపి, తలుపు వేసుకుని, ఆ వార్తకు తగ్గ దేవుని మాట చెప్పి సంఘం గ్రూపులో పెట్టేవాడు. బుడమేరు పొంగినా, టమాటా ధర పడిపోయినా, మంగళగిరిలో మగ్గం అమ్ముకున్న మనిషి గురించి నాలుగు లైన్లు పడినా, అందులో దేవుడు ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. 'నేటి వార్త' ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపుకు పాకి కంకిపాడు, ఉయ్యూరు దాటి గుడివాడదాకా వెళ్ళింది. అది వినందే టిఫిను దిగదని చెప్పినవాళ్ళున్నారు.

"ప్రభువునందు ప్రియులారా, ఈనాటి వార్త చూస్తే గుండె తరుక్కుపోతోంది. ఒక తల్లి బస్టాండు బెంచీ మీద పసిబిడ్డను వదిలేసి బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎక్కడో జరిగిందిలే అనుకుంటున్నారేమో. మన మధ్యనే... పేరు చెప్పను గానీ, ప్రభువుకు తెలుసు... ఒక సహోదరి ఉంది. మూడో నెల పసికందును ఉయ్యాలలో వదిలి, ఒంటరిగా ఏలూరు కాలువ గట్టుదాకా నడిచి వెళ్ళింది. బిడ్డ ఏడుపు విన్నా తనకేమీ అనిపించడం లేదంటోంది. కన్నపేగుకే కదలిక లేని రోజులొచ్చాయి ప్రియులారా! ఆ సహోదరి కోసం ఇది నా ప్రార్థన మనవి..."

'కన్నపేగు' దగ్గర గొంతు కొద్దిగా వణికింది. ఆ వణుకు ఎక్కడ పెట్టాలో అతనికి ముందే తెలుసు. ఇప్పుడు నలుగురి మధ్య కూర్చుని వింటుంటే, మాటల కన్నా ఆ వణుకే సిగ్గుగా ఉంది.

ఓరగా ఉన్న తలుపు వెనక మంచం కిర్రుమంది. అంతే.

"నేను పేరు చెప్పలేదమ్మా," అన్నాడు.

"ఆహా, చెప్పలేదు. గుణదల మనిషి మాట్లాడుతున్నాడు, ఏలూరు కాలువ గట్టంటున్నాడు, మూడో నెల పిల్లతల్లంటున్నాడు. ఇంకా ఆధార్ నంబరొక్కటే బాకీ."

"దయా," అన్నాడు ఏసుపాదం.

"మీరుండండి." ఆమె కళ్ళు తుడుచుకుంది. అది కోపంతోనో దుఃఖంతోనో ఆమెకూ తెలిసినట్టు లేదు. "మా స్త్రీల కూడికలో వినిపించారన్నయ్యగారూ దీన్ని. పాస్టరమ్మగారు ప్రార్థన ఎత్తుకున్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఎవరో ఆ పిల్ల, పాపం, అనుకుని అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే. కళ్ళు తెరిచి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. నా కోడలి కోసమని నాకొక్కదానికే తెలీదు."

సంజీవరావు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. వెళ్ళడానికి ఇంకెక్కడా చోటు లేదు.

తెరేసమ్మ స్టవ్వు పక్కన పాప బట్టలు మడతపెడుతోంది. గుణదల కొండ కింద పుట్టి పెరిగిన క్యాథలిక్ ఇంటి పిల్ల. పెళ్ళయినప్పటి నుంచి భర్త వెంట భర్త సంఘానికే వస్తోంది. జపమాల మాత్రం బియ్యం డబ్బా వెనక ఉంటుంది. ఆ సంగతి తనకు తెలియనట్టు అతను ఇన్నేళ్ళూ నటిస్తూ వచ్చాడు.

"నువ్వన్నా ఏదన్నా మాట్లాడు."

"ఈ ఇంట్లో మాట్లాడేవాళ్ళకు కొదవేం లేదులెండి."

"నేనేం చెడు కోరి చేశానా తెరేసా? నలుగురూ ప్రార్థన చేస్తే..."

"మా వైపు పాపసంకీర్తనం ఉంటుంది, తెలుసుగా." ఆమె చిన్న గౌను బొత్తాలు పెడుతూనే మాట్లాడింది. "జాలీకి ఇవతల మోకరించి చెప్పుకుంటాం. అవతల ఫాదర్‌గారు వింటారు. ఆ మాట ఆయనతోనే సమాధిలోకి పోవాలి. పోలీసులొచ్చి అడిగినా చెప్పరు. మీ వైపేమో చేతికి మైకిస్తారు."

"అమ్మాయి నీకు చెప్పిందా అసలు?"

"చెప్పలేదు. చెప్పకపోతే తెలీదా? పిల్లకు పాలిస్తూ గోడ చూసేది. పోయినవారం కొండెక్కి మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. ఆ తల్లి ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యలేదు."

అతను కుళాయి కింద చెయ్యి పెట్టాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. తెరేసమ్మ వచ్చి కట్టేసింది.

అటుమొన్న సాయంత్రం బాల్కనీలో అతను పేపరు ముందు పెట్టుకుని మర్నాటి వార్త వెతుక్కుంటున్నాడు. అపూర్వ వచ్చి కింద కూర్చుంది. చిన్నప్పుడు పరీక్ష పోతే కూర్చున్నట్టే, స్తంభానికి ఆనుకుని. "డాడీ, నేను ఎవరితోనన్నా మాట్లాడాలి," అంది. అక్కడ మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. కాలువ గట్టు, నీళ్ళు, తిరిగి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి పడుకున్న పాప. అతను ఆమె తల నిమురుతూనే ఉన్నాడు. నిజంగానే గుండె బరువెక్కింది. అందులో అబద్ధం లేదు.

కానీ ఆమె ఏడుస్తుండగానే మనసులో ఒక మూల ఇంకో పని జరుగుతోంది. ఒడిలో ఉన్న పేపరులో బస్టాండు వార్త ఉంది. రెండూ వాటంతటవే దగ్గరకు జరిగాయి. కన్నపేగుకే కదలిక లేదు అన్న మాట అప్పుడే పుట్టింది. మంచి మాట, పొద్దుటికి మర్చిపోకూడదు అనుకున్నాడు. కూతురి తల మీద చెయ్యి ఉండగానే అనుకున్నాడు.

ఎవరితోనన్నా అంటే ఒక్క మనిషి. ఆమె అడిగింది డాక్టరునేమో. అదీ కాకపోతే తండ్రినే. అతనికి మాత్రం అందరితో అని వినపడింది.

మెసేజి పెట్టాక దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. కళ్ళనీళ్ళు ఆగలేదు బ్రదర్ అని ఎవరో పెట్టారు. ఆ రోజు ఇడ్లీ తింటూ ఎడమచేత్తో ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. దాన్ని సంతోషమని ఒప్పుకోడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. వేరే పేరేదీ దొరకడమూ లేదు.

"అల్లుడుగారు పైకి రాలేదు," అంది తెరేసమ్మ. "మెట్ల దగ్గరే నిలబడ్డాడు. పిలవండి."

జయంత్ మెట్ల మలుపులో గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాడు. చేతిలో బైకు తాళం ఉంది. మామగారిని చూసి నిటారుగా నిలబడ్డాడు. ఆ మర్యాద ఇంకా పోలేదు.

"పైకి రా బాబూ."

"ఇక్కడ బానే ఉందండీ."

"అమ్మకు నువ్వన్నా నచ్చజెప్పు. తల్లీబిడ్డలను విడదీయడం..."

"ఏమని చెప్పమంటారు మావయ్యగారూ?" తాళాన్ని అరచేతిలో తిప్పాడు. "రోజూ రాత్రి ఫోన్ చేస్తాను. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది. పాప ఎలా ఉందంటే బాగుందంటుంది. షాపులో మా ఓనరుగారి డ్రైవరు వచ్చి, మీ మావయ్యగారి మెసేజి విన్నాను సార్, ఆ అమ్మాయెవరో పాపం, అన్నాడు. నేనూ పాపం అన్నాను."

"బాబూ..."

"తను నాకు చెప్పకుండా మీకు చెప్పింది. మీరు నాకు చెప్పకుండా ఊరంతటికీ చెప్పారు. మధ్యలో నేనెవర్నండీ?"

కింద వీధిలో ఉప్పు అమ్మే సైకిలు వెళుతోంది.

"నాకూ పాపను చూస్తే భయంగానే ఉంది," అన్నాడు జయంత్.

సంజీవరావు మళ్ళీ పైకి వచ్చి, హాల్లో ఎవరి మొహమూ చూడకుండా మధ్యగదిలోకి వెళ్ళాడు. అపూర్వ లేచి కూర్చుని ఉంది. నైటీ మీద తువ్వాలు కప్పుకుంది. జుట్టు దువ్వుకుని ఎన్ని రోజులైందో. ఇన్ని రోజులూ అది తన కంటికి ఎందుకు కనబడలేదో అతనికి అర్థం కాలేదు.

"అపూర్వా, నేను ఇంకో మెసేజి పెడతానమ్మా. ఇప్పుడే పెడతాను. తప్పు నాదని చెబుతాను. ఆ గ్రూపులన్నిటికీ వెళ్ళేలా..."

"వద్దు డాడీ."

"అందరూ వింటారమ్మా నా మాట..."

"అందుకే వద్దంటున్నాను. నన్ను మళ్ళీ వార్త చెయ్యకండి."

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నా ఉద్దేశం ప్రార్థనే తల్లీ. ప్రార్థన మనవిగానే కదా పెట్టాను."

ఆమె అతని వైపు చూసింది. చాలా రోజుల తర్వాత సూటిగా చూసింది.

"మనవి కావు డాడీ ఆ కన్నీళ్ళు. నావి."

'మనవి' అన్న మాట అతను రోజూ పలికేదే. ఎన్నో ఇళ్ళ జబ్బులు, అప్పులు, కాపురాలు ఆ మాట కింద పెట్టి గాల్లోకి పంపాడు. ఎవరివని ఎప్పుడూ అడగలేదు. దేవుడి ముందు పెట్టడానికి అడగాలా అనుకున్నాడు. దేవుడికీ అతనికీ మధ్య అంతమంది వింటున్నారన్నది గుర్తుండేది కాదు. కాదు, గుర్తుండేది. గుర్తుండేది కాబట్టే గొంతు అలా వణికేది.

"డాక్టరు దగ్గరికి వెళదాం," అన్నాడు నెమ్మదిగా. "నువ్వూ నేనే. ఎవరికీ చెప్పొద్దు."

"ఇప్పుడా చెబుతున్నారు?" అంది అపూర్వ.

ఆమె లేచింది. ఉయ్యాలలోంచి పాపను తీసి, తల్లి మడతపెట్టిన గౌను తొడిగింది. టోపీ పెట్టింది. బుగ్గల మీద పౌడరు అద్దింది. చేతులు పని తెలిసిన చేతుల్లాగే ఉన్నాయి. మొహం మాత్రం ఎవరి బిడ్డకో చేస్తున్నట్టుంది. పాపను భుజాన వేసుకుని హాల్లోకి నడిచింది.

"తీసుకెళ్ళండి అత్తయ్యా."

దయామణి తగువుకు సిద్ధపడి వచ్చింది. దీనికి సిద్ధపడలేదు. సోఫాలోంచి సగం లేచి ఆగిపోయింది.

"మేమేం లాక్కుపోవడానికి రాలేదమ్మా. నువ్వొద్దంటే..."

"డాడీ చెప్పింది నిజమే. ఏడిస్తే నాకేం అనిపించట్లేదు. మీ దగ్గరుంటేనే దానికి మంచిది."

సంజీవరావు తలెత్తాడు. ఆ మాటలు తనవే, తన వరసలోనే వచ్చాయి. అపూర్వ ఆ సాయంత్రం అలా అనలేదు. "అనిపించట్లేదేమోనని భయంగా ఉంది డాడీ," అంది. 'భయంగా ఉంది' అన్నది చెవికి బాగుండదని అతనే తీసేశాడు. తీసేసిన ముక్క అతని దగ్గరే ఉండిపోయింది. మిగిలింది పట్టుకుని పిల్ల తన గురించి అదే నిజమని నమ్మేసింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

ఏసుపాదం లేచి నిలబడ్డాడు. "ప్రార్థన చేసుకుని బయల్దేరదాం. బావగారూ, మీరే చెయ్యండి."

అందరూ తలలు వంచారు. దయామణి కొంగు తల మీదికి లాక్కుంది. జయంత్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అలవాటుగా అందరి చెవులూ ఆ గొంతు కోసం ఎదురుచూశాయి. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. ఏసుపాదం ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

సంజీవరావు పెదవులు కదిలాయి. ఏ మాట తీసుకున్నా తను ఎక్కడో ఒకచోట పలికేసినదే.

చివరకు తెరేసమ్మ కదిలింది. వియ్యపురాల్ని, అల్లుణ్ణి, సంఘపెద్దను ఎవరినీ పట్టించుకోకుండా ముందుకొచ్చి, బొటనవేలితో పాప నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఆ ఇంట్లో ఆమె అలా బాహాటంగా చెయ్యడం అదే మొదలు.

దయామణి పాపను అందుకుంది. వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు వినపడింది. అపూర్వ హాలు మధ్యలో నిలబడే ఉంది. చేతులు ఇంకా పాపను పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

సగం మెట్లు దిగి ఉంటారు. పాపకు మెలకువ వచ్చింది.

మొదట చిన్న మూలుగు. తర్వాత మెట్ల గోడల మధ్య పెరిగి పెద్దదైన ఏడుపు. "ఓలోలో, ఊరుకో నాన్నా," అంటోంది దయామణి. అది ఊరుకోవడం లేదు.

అపూర్వ కిందికి చూసుకుంది. తువ్వాలు జారిపోయింది. నైటీ ముందు భాగం తడుస్తోంది. రెండు వైపులా మరక పెద్దదవుతోంది. ఆమె ఆ తడి మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి తీసి చూసుకుంది. ఏదో తెలియని భాషలో ఎవరో తనకు పంపిన సంగతిని చదువుతున్నట్టు చూసింది.

"అమ్మా," అంది. "పాలు..."

కింద కారు తలుపు పడింది. ఏడుపు ఠక్కున తెగిపోయింది.

అపూర్వ బాల్కనీకి పరిగెత్తింది. "అత్తయ్యా!" అంది. వారాల తరబడి పైకెత్తని గొంతు కమ్మీ దాటి వెళ్ళలేదు. కారు వెనక్కి వచ్చి, తిరిగి, కాలువ రోడ్డు వైపు కదిలింది. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. జయంత్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బైకు గేటు దగ్గరే ఉంది.

"డాడీ!" ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు తడిగా ఉన్నాయి. "డాడీ, పిలవండి! మీ గొంతు వినపడుద్ది, పిలవండి!"

అని, అతను పిలిచేదాకా ఆగకుండా, చెప్పుల్లేకుండా మెట్ల వైపు వెళ్ళిపోయింది.

సంజీవరావు కమ్మీ పట్టుకున్నాడు. ఒకప్పుడు ఇంజను కూతల మీంచి, జనం గోల మీంచి వినపడ్డ గొంతు. ఊపిరి పీల్చుకున్నాడు. ఏమని పిలవాలో తెలియలేదు. వార్త లేదు, వాక్యం లేదు, ముందుగా సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ లేదు.

"ఆగండి!"

అది అతని గొంతులా లేదు. బొంగురుగా, ముక్కలుగా, ఎవరో ముసలివాడు సంతలో తప్పిపోయి అరిచినట్టుంది. పక్కింటి పద్మావతమ్మగారు కిటికీలోంచి తొంగిచూసింది. అతను మళ్ళీ అరిచాడు. కింద గేటు తోసుకుని అపూర్వ రోడ్డు మీదికి వచ్చింది, పరిగెత్తుతోంది.

కాలువ మలుపు దగ్గర కారు వెనక ఎర్రలైట్లు వెలిగాయి.

మలుపు కోసం వేసిన బ్రేకో, పిలుపు విని వేసిన బ్రేకో, బాల్కనీలోంచి అతనికి తెలియలేదు.